జీఎఫ్‌పీ రిసెప్టర్ మీద సియాలిక్ యాసిడ్‌ని ఫ్రెట్‌తో చూడటం: అజైడ్ లేని వెల్ కూడా మెరుస్తోంది, ఫ్రెట్ మాత్రం 2 శాతం దాటట్లేదు

పొరమీద_చక్కెర:

హెక్ 293 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) ఒక రిసెప్టర్‌కి సియాలిక్ యాసిడ్ (చక్కెర గొలుసుల చివర ఉండే చక్కెర) చేరుతోందో లేదో కణంలోనే, ఆ ఒక్క ప్రోటీన్ మీదే చూడాలి. రిసెప్టర్ పొరను ఒకేసారి దాటేది. బయటి భాగంలో ఎన్-గ్లైకోసైలేషన్ (ఆస్పరాజిన్ మీద చక్కెర గొలుసు కట్టడం) చోట్లు నాలుగున్నాయి. ఈజీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ ట్యాగ్ (జీఎఫ్‌పీ రకం) సి-చివర, అంటే సైటోప్లాజం వైపు ఉంది.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. పాలీలైసిన్ పూసిన కవర్‌స్లిప్ మీద కణాలు, ఎసిటైల్ గుంపులు తగిలించిన మ్యాన్‌నాజ్ (అజైడ్ గుంపున్న చక్కెర, కణం దీన్ని సియాలిక్ యాసిడ్‌గా మార్చుకుంటుంది) 100 మైక్రోమోలార్, 48 గంటలు. పీబీఎస్‌తో కడిగి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు ఫిక్స్ చేయడం. ఆ తర్వాత డీబీసీఓ-సై5 (అజైడ్‌కి అతుక్కునే డీబీసీఓ గుంపు తగిలించిన ఎర్రగా మెరిసే డై) 25 మైక్రోమోలార్, గది ఉష్ణోగ్రతలో గంట. పీబీఎస్‌తో మూడుసార్లు కడిగి, గ్లిసరాల్ మౌంటింగ్ మీడియంలో పెట్టి కాన్‌ఫోకల్‌లో చూడటం.

ఇబ్బందులు మూడు. ఒకటి, మ్యాన్‌నాజ్ లేకుండా డీఎంఎస్ఓ (చక్కెరను కరిగించే ద్రావకం) మాత్రమే వేసిన వెల్‌లో (ప్లేటులోని గుంటలో) కూడా సై5 మెరుపు దాదాపు మూడో వంతు వస్తోంది, అదీ ఎక్కువగా కణం లోపల, న్యూక్లియస్ చుట్టూ. రెండు, పొర దగ్గర ఆకుపచ్చ, ఎరుపు చక్కగా ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. దీన్ని బట్టి రిసెప్టర్‌కి సియాలిక్ యాసిడ్ ఉందని చెప్పవచ్చా? మూడు, ఫ్రెట్ (దగ్గరున్న రెండు మెరిసే అణువుల్లో ఒకటి తన వెలుగు శక్తిని రెండోదానికి ఇచ్చేయడం) కొలవడానికి సై5ని బ్లీచ్ చేస్తే, అంటే లేజర్‌తో ఆర్పేస్తే, జీఎఫ్‌పీ వెలుగు 2 శాతం పెరుగుతోంది. బ్లీచ్ చేయని చోట కూడా ప్లస్ మైనస్ 2 శాతం ఊగుతోంది. ఎక్కడ సరిచేయాలి?

థయాల్_కాపలా:

మొదటి ఇబ్బంది సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతా రెండూ తేలవు.

డీఎంఎస్ఓ వెల్‌లో అజైడే లేదు. కాబట్టి అక్కడ కనిపించేది క్లిక్ (అజైడ్, డీబీసీఓ అతుక్కునే చర్య) కాదు. డీబీసీఓ రెండు రకాలుగా మోసం చేస్తుంది. సిస్టీన్ థయాల్స్‌తో (గంధకం-హైడ్రోజన్ గుంపులతో) నెమ్మదిగా అయినా కచ్చితంగా చర్య జరుపుతుంది. పైగా అది నీటికి దూరంగా ఉండే గుంపు కాబట్టి పొరలకూ, ప్రోటీన్ల జిడ్డు భాగాలకూ ఊరికే అంటుకుంటుంది. మీరు ముందే ఫిక్స్ చేయడంతో కథ ఇంకా ముదిరింది. డిటర్జెంట్ వాడకపోయినా పారాఫార్మాల్డిహైడ్ పొరలో కంతలు పెడుతుంది, డై లోపలికి పోతుంది. లోపల థయాల్స్ బయటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. న్యూక్లియస్ చుట్టూ ఆ మెరుపు అందుకే.

కణాలు బతికుండగానే క్లిక్ చేసి, తర్వాత ఫిక్స్ చేయండి. డై కూడా మార్చాలి: సల్ఫోనేట్ గుంపులున్న సై డై, దానికీ డీబీసీఓకీ మధ్య పెగ్4 లింకర్ (నీటిలో కలిసే చిన్న గొలుసు) ఉన్నది. రుణావేశం ఉన్న డై బతికున్న కణపొరను దాటలేదు. వరస ఇలా ఉంటే మంచిది. కాల్షియం, మెగ్నీషియం ఉన్న చల్లని పీబీఎస్‌తో రెండుసార్లు కడగాలి (అవి లేని పీబీఎస్‌లో హెక్ కణాలు పలకలుగా లేచిపోతాయి). అదే బఫర్‌లో డై కలిపి గది ఉష్ణోగ్రతలో అరగంట. 37 డిగ్రీల్లో పెట్టకండి, ఎండోసైటోసిస్ డైని లోపలికి లాగేస్తుంది. తర్వాత 1 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్) ఉన్న చల్లని పీబీఎస్‌తో మూడుసార్లు, ఒక్కోటి అయిదు నిమిషాలు. ఊరికే అంటుకున్న డైని బీఎస్ఏ లాక్కుపోతుంది. అయితే దాన్ని కడిగేటప్పుడే వాడాలి, డైతో కలిపి కాదు. బీఎస్ఏకి స్వేచ్ఛగా ఉన్న సిస్టీన్ ఒకటుంది, అది డీబీసీఓని తినేస్తుంది. చివరగా ఫిక్స్ చేయడం.

పాలీలైసిన్ కూడా నేరస్తుడే. ధనావేశం ఉన్న పూత, రుణావేశం ఉన్న డై: గాజు మీదే మెరుపు తేలుతుంది. పూత పూశాక బాగా కడగండి. కణాల మధ్య ఖాళీ గాజు ఇంకా మెరుస్తుంటే ఫైబ్రోనెక్టిన్‌కి మారండి.

ఇంకోటి, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బఫర్ సీసాల్లో, యాంటీబాడీ స్టాకుల్లో పాడవకుండా సోడియం అజైడ్ వేస్తారు. 0.02 శాతం అంటే లెక్క కడితే 3 మిల్లీమోలార్. మీ డై 25 మైక్రోమోలార్. క్లిక్‌కి ముందు ఆ బఫర్ వెల్‌లో మిగిలిందంటే మీ డీబీసీఓ సీసాలోని అజైడ్‌తోనే కలిసిపోతుంది. అలాగే టీసెప్ (డైసల్ఫైడ్లను తెంచే రసాయనం) అజైడ్‌ని అమీన్‌గా క్షయకరణం చేస్తుంది. జెల్ కోసం శాంపిల్ తయారుచేసేటప్పుడు క్లిక్ అయ్యేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి.

మ్యాన్‌నాజ్ మోతాదు తగ్గించండి, 25 నుంచి 50 మైక్రోమోలార్ చాలు. 50 మిల్లీమోలార్ స్టాక్ నుంచి వెయ్యో వంతు వేస్తే డీఎంఎస్ఓ 0.1 శాతమే అవుతుంది. ఎక్కువ మోతాదుతో వచ్చే చిక్కు ఒక్క విషప్రభావమే కాదు. అన్ని హైడ్రాక్సిళ్లకూ ఎసిటైల్ ఉన్న ఈ చక్కెరలు ఏ ఎంజైమ్ అవసరమూ లేకుండా నేరుగా సిస్టీన్లకు అంటుకుంటాయని 2018లో బయటపడింది. ఆ అంటుకున్నదాని మీద కూడా అజైడ్ ఉంటుంది, అదీ క్లిక్ అవుతుంది, గ్లైకోసైలేషన్‌లాగే కనిపిస్తుంది. ఇది ఎక్కువగా కణం లోపలి ప్రోటీన్ల మీద జరుగుతుంది కాబట్టి, బతికున్న కణాల ఉపరితలం మీద మాత్రమే క్లిక్ చేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. పూర్తిగా వదిలించుకోవాలంటే ఒకటి, ఆరు స్థానాల్లో మాత్రమే ప్రొపియోనైల్ ఉన్న మ్యాన్‌నాజ్ వాడాలి.

కంట్రోళ్లలో డీఎంఎస్ఓ ఒక్కటే సరిపోదు. అజైడ్ లేని ఎసిటైలేటెడ్ మ్యాన్‌నాక్ అదే మోతాదులో ఒక వెల్‌కి ఇవ్వండి. కణం మీద పడే ఎసిటైల్ చక్కెర భారం సమానమవుతుంది, అజైడ్ మాత్రం ఉండదు. మరో వెల్‌లో మ్యాన్‌నాజ్ ఇచ్చి, క్లిక్‌కి ముందు సియాలిడేజ్‌తో (సియాలిక్ యాసిడ్‌ని కోసేసే ఎంజైమ్) సీరం లేని మీడియంలో 37 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. మెరుపు పడిపోయిన మేరకే అది సియాలిక్ యాసిడ్. ఎంజైమ్ క్లిక్‌కి ముందే పడాలి, తర్వాతైతే తగులుకున్న పెద్ద డై ఎంజైమ్‌కి అడ్డం రావచ్చు.

ఆరోఘాతం:

రెండో ప్రశ్నకు జవాబు: చెప్పకూడదు.

కాన్‌ఫోకల్ విడదీయగలిగేది అడ్డంగా 200 నుంచి 250 నానోమీటర్లు. మీ రిసెప్టర్ వెడల్పు అయిదారు నానోమీటర్లు. ఆ ఒక్క చుక్కలో వందలాది వేరే గ్లైకోప్రోటీన్లు పడతాయి. సియాలిక్ యాసిడ్ ప్రోటీన్లకే కాదు, గ్యాంగ్లియోసైడ్లనే కొవ్వులకూ ఉంటుంది. మ్యాన్‌నాజ్ వాటిలోకీ పోతుంది. కాబట్టి చక్కెర గొలుసు ఒక్కటి కూడా లేని పొర ప్రోటీన్‌ని పెట్టినా మీ చిత్రం అచ్చం ఇలాగే పసుపుగా వస్తుంది. రంగుల కలయిక "రిసెప్టర్ పొర దగ్గరికి చేరింది, పొర మీద సియాలిక్ యాసిడ్ ఉంది" అని రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. వాటిని కలిపే మాట చెప్పదు. దానికి 10 నానోమీటర్ల లోపు మాత్రమే పనిచేసే ఫ్రెట్ కావాలి. ఆ దారి ఎంచుకోవడంలో తప్పులేదు, చిక్కంతా ట్యాగ్ ఉన్న చోటులోనూ డై ఎంపికలోనూ ఉంది.

ముందు డై. ఈజీఎఫ్‌పీ వెలుగు శిఖరం 508 నానోమీటర్ల దగ్గర, సై5 పీల్చుకునేది 650 దగ్గర. రెండింటి మధ్య అతివ్యాప్తి పలచన. సై3, లేదా 550 నుంచి 590 మధ్య పీల్చుకునే ఏదైనా డై ఇంతకన్నా మెరుగు. 488 లేజర్ సై3ని కూడా కొంచెం నేరుగా లేపుతుంది నిజమే, కానీ మీరు కొలిచేది డోనర్‌ని (శక్తిని ఇచ్చే జీఎఫ్‌పీని) కాబట్టి అది అడ్డం కాదు.

ఇక దూరం. ఫ్రెట్ సామర్థ్యం దూరం ఆరో ఘాతంతో పడిపోతుంది. ఫోర్‌స్టర్ దూరం దగ్గర 50 శాతం, దానికి ఒకటిన్నర రెట్ల దగ్గర 8 శాతం, రెండు రెట్ల దగ్గర 1.5 శాతం. మీ జీఎఫ్‌పీ లోపలుంది. లిపిడ్ పొర మందం 4 నానోమీటర్లు. జీఎఫ్‌పీ పీపా పొడవు మరో 4, క్రోమోఫోర్ దాని నడిమధ్యలో. లింకర్ సంగతి అదనం. ఇవతల చక్కెర గొలుసు పొరకు ఆనుకుని ఉండదు, రిసెప్టర్ బయటి భాగం ఎత్తును బట్టి పైకి ఉంటుంది. పొర దాటి ఫ్రెట్ రాదని కాదు, గ్లూట్4 అనే ప్రోటీన్ మీద 2012లోనే చేసి చూపారు. కానీ ఆ ప్రోటీన్ చక్కెర పొరకు దగ్గర్లోనే ఉంటుంది. బయటి భాగం 10 నానోమీటర్ల ఎత్తున్న రిసెప్టర్‌కి అది కుదరదు.

మీ అంకెలతోనే లెక్క కడదాం. డీబీసీఓకీ అజైడ్‌కీ చర్య వేగ స్థిరాంకం ఉదారంగా సెకనుకి, మోలార్‌కి 1 అనుకోండి. 25 మైక్రోమోలార్, 3600 సెకన్లు: గుణిస్తే 0.09. అంటే గంటలో ఉన్న అజైడ్లలో 9 శాతానికే డై తగులుతుంది. ఇక కణం సహజ సియాలిక్ యాసిడ్ స్థానంలో అజైడ్ రకాన్ని ఎంత పెట్టిందన్నది కణాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం 30 శాతం అనుకుందాం. రెండూ కలిపితే ఒక్కో సియాలిక్ యాసిడ్ చోటికి డై ఉండే అవకాశం 2.7 శాతం. నాలుగు గొలుసులు, ఒక్కోదానికి రెండు కొమ్మలు, మొత్తం ఎనిమిది చోట్లు. కనీసం ఒక్క డై అయినా ఉన్న రిసెప్టర్లు 20 శాతం. మిగతా 80 శాతం రిసెప్టర్లకు పక్కన అందుకునే డై లేదు, అవి ఎప్పటిలాగే వెలుగుతాయి.

ఇప్పుడు దూరం 8 నానోమీటర్లు, ఫోర్‌స్టర్ దూరం 5 అనుకుంటే ఒక జంట సామర్థ్యం 5.6 శాతం. అందులో 20 శాతం అంటే 1.1 శాతం. మీకు కనిపించిన 2 శాతం ఊగిసలాటలో అది మునిగిపోతుంది. ప్రయోగం చేయకముందే ఈ జవాబు కాగితం మీద ఉంది. ట్యాగ్‌ని బయటికి తెచ్చి దూరం 5, డై మార్చి ఫోర్‌స్టర్ దూరం 6 చేస్తే జంట సామర్థ్యం 75 శాతం, సగటు 15 శాతం. అది ఏ పరికరంలోనైనా కనిపిస్తుంది.

ట్యాగ్ బయట పెట్టేటప్పుడు సిగ్నల్ పెప్టైడ్ తర్వాత పెట్టాలి, ముందు కాదు. ఈజీఎఫ్‌పీకి ఉన్న రెండు సిస్టీన్లు ఈఆర్‌లో (కణంలో ఈ ప్రోటీన్లు మడత పడే చోటు) తప్పు డైసల్ఫైడ్లు కట్టి గుంపులవుతాయి. సూపర్‌ఫోల్డర్ జీఎఫ్‌పీ ఆ వాతావరణంలో నిలకడగా మడత పడుతుంది. లింకర్‌లో ఆస్పరాజిన్, ఆ తర్వాత ప్రోలిన్ కాని ఏదో ఒకటి, ఆ తర్వాత సెరిన్ లేదా థ్రియోనిన్ అనే వరస రాకుండా చూసుకోండి. వస్తే అక్కడ మీరే కొత్త చక్కెర చోటు కట్టినట్టు.

జీఎఫ్‌పీకన్నా స్నాప్ ట్యాగ్ (విడిగా వేసిన డైని పట్టుకునే ప్రోటీన్) పెట్టి, పొర దాటలేని డైతో రంగు వేయడం ఇంకా మంచిది. దీనికి కారణం దూరం కాదు. జీఎఫ్‌పీ అయితే ఈఆర్‌లో ఇంకా సియాలిక్ యాసిడ్ పట్టని పసి రిసెప్టర్ కూడా వెలుగుతుంది. పొరకు ఆనుకునే ఈఆర్ ఉంటుంది, కాన్‌ఫోకల్ దాన్ని విడదీయలేదు. అందుకోవాల్సిన డై దరిదాపుల్లో కూడా లేని డోనర్ అది, మీ శాతాన్ని కిందికి లాగుతుంది. స్నాప్‌కి బయట నుంచి డై వేస్తే ఉపరితలానికి చేరినవి మాత్రమే వెలుగుతాయి.

పొరమీద_చక్కెర:

లెక్క చూశాక ట్యాగ్ మార్చక తప్పదని అర్థమైంది. రెండు సందేహాలు. డై శాతం పెంచడానికి డీబీసీఓ బదులు రాగి క్లిక్ (రాగి ఉత్ప్రేరకంతో అజైడ్‌కి ఆల్కైన్ తగిలించడం) వాడితే? రాగి జీఎఫ్‌పీని ఆర్పేస్తుందని విన్నాను. రెండోది, పొర మీద అంతటా డై ఉన్నప్పుడు పక్కనున్న వేరే ప్రోటీన్ చక్కెర మీది డై కూడా నా డోనర్‌కి 10 నానోమీటర్ల లోపు రావచ్చు కదా? దాన్నీ అసలుదాన్నీ ఎలా వేరు చేయాలి?

ఆరోఘాతం:

రెండోదే అసలు ప్రశ్న. దానికి జవాబు లేకుండా ఫ్రెట్ అంకె ఎంత పెద్దదైనా పనికిరాదు.

ఇరుగుపొరుగు ఫ్రెట్ కచ్చితంగా ఉంటుంది. మామూలుగా చెప్పే చిట్కా: అందుకునే డై సాంద్రతకు ఎదురుగా సామర్థ్యాన్ని గీయండి, గీత సున్నా నుంచి మొదలైతే అది ఇరుగుపొరుగుది అని. ఇక్కడ ఆ చిట్కా చెల్లదు. ఎందుకంటే మీ రిసెప్టర్ మీది డై, పక్కవాటి మీది డై ఒకే క్లిక్‌లో కలిసే పెరుగుతాయి. రెండు రకాల ఫ్రెట్టూ సున్నా నుంచే లేస్తాయి. కాబట్టి ఒక్క గీత చాలదు, రెండు గీతల వాలు పోల్చాలి.

రెండో గీత చక్కెర లేని రిసెప్టర్‌ది. నాలుగు ఆస్పరాజిన్లనూ గ్లూటమిన్లుగా మార్చండి. ట్యాగ్ అదే చోట, పొర అదే, పక్కవాళ్లు వాళ్లే, సొంత చక్కెర మాత్రం లేదు. మిగిలిన ఫ్రెట్ అంతా ఇరుగుపొరుగుదే. రెండు రకాల కణాల్లోనూ ఒక్కో కణానికి సై3 వెలుగు, సామర్థ్యం కొలిచి చుక్కలు పెట్టండి. ఒకే సై3 వెలుగు దగ్గర రెండు గీతల మధ్య ఉన్న తేడాయే మీ రిసెప్టర్ సొంతం.

చక్కెర లేకపోతే రిసెప్టర్ మడత పడక ఈఆర్‌లోనే ఆగిపోవచ్చు. అప్పుడు సిగ్నల్ పెప్టైడ్, ట్యాగ్, చక్కెర చోట్లు లేని లింకర్, పొర దాటే ఒక హెలిక్స్: ఇంతే ఉన్న ప్రోటీన్ కట్టి అదే కంట్రోల్‌గా వాడండి. ట్యాగ్ పొరకు ఎంత ఎత్తులో ఉందన్నది అసలు రిసెప్టర్‌కి సరిపోదు కాబట్టి ఇది రెండో శ్రేణి కంట్రోలే. కైఫునెన్సిన్ కొందరు వాడతారు. అది గొలుసులను హై-మ్యానోజ్ దశలో ఆపేస్తుంది, సియాలిక్ యాసిడ్ పట్టదు. కానీ ఒక్క మీ రిసెప్టర్‌కే కాదు, కణంలోని అన్ని ఎన్-గ్లైకాన్లకూ అంతే. పక్కవాటి డై కూడా పడిపోతుంది. సొంతం, పొరుగు రెండూ ఒకేసారి తగ్గే కంట్రోల్ ఆ రెండింటినీ విడదీయలేదు.

రాగి గురించి థయాల్_కాపలా గారు బాగా చెప్పగలరు.

థయాల్_కాపలా:

రాగి క్లిక్ ఈ పనికి బాగా నప్పుతుంది, సరైన లిగాండ్ ఉంటే. ఇప్పుడు డై మీద డీబీసీఓ కాదు, మామూలు చివరి ఆల్కైన్ ఉండాలి. చివరి మోతాదులు: కాపర్ సల్ఫేట్ 50 మైక్రోమోలార్, బీటీటీఏఏ (రాగిని పట్టి ఉంచే లిగాండ్) 300 మైక్రోమోలార్, డై 50 మైక్రోమోలార్, సోడియం ఆస్కార్బేట్ 2.5 మిల్లీమోలార్. గది ఉష్ణోగ్రతలో 5 నిమిషాలు. అంతకన్నా పొడిగించకండి.

కలిపే క్రమం తప్పితే పని జరగదు. ముందు రాగి, లిగాండ్ విడిగా కలిపి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. దాన్ని డై ఉన్న బఫర్‌లో వేయండి. ఆస్కార్బేట్ చివర. ఆస్కార్బేట్ ద్రావణం ఆ రోజే తూచి చేసినదై ఉండాలి, పసుపు తిరిగితే పారేయండి. లిగాండ్ పట్టుకోని రాగి ఆస్కార్బేట్‌తో చేరితే ఆక్సిజన్ రాడికల్స్ పుట్టి కణాలను చంపుతాయి. అందుకే రాగికి ఆరు రెట్లు లిగాండ్. బఫర్‌లో ఈడీటీఏ (లోహాలను లాక్కునే రసాయనం) ఉండకూడదు. 5 నిమిషాలు కాగానే బాథోక్యుప్రోయిన్ డైసల్ఫోనేట్ 1 మిల్లీమోలార్ కలిపిన పీబీఎస్‌తో ఆపి, మూడుసార్లు కడగండి. కణాలు బతికున్నాయో లేదో ప్రొపీడియం అయొడైడ్‌తో ఒక వెల్‌లో తప్పక చూడాలి. చచ్చిన కణం డైని లోపలంతా పీల్చి, అందరికన్నా ఎక్కువ మెరుస్తుంది.

జీఎఫ్‌పీ ఆరిపోతుందన్న మాట నిజమే. సైటోప్లాజం వైపున్న జీఎఫ్‌పీకి బతికున్న కణంలో పొరే రక్షణ. బయటికి తెచ్చిన జీఎఫ్‌పీకి ఆ రక్షణ లేదు. ఫ్రెట్‌లో ఇది మామూలు నష్టం కాదు: రాగి వల్ల డోనర్ మసకబారినా, దాని లైఫ్‌టైమ్ (లేపాక వెలుగు ఆరడానికి పట్టే సగటు సమయం) తగ్గినా అది ఫ్రెట్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి "డోనర్ మాత్రమే" అనే కంట్రోల్‌కి కూడా డై తప్ప మిగతా రాగి మిశ్రమమంతా అంతే సేపు వేయండి. స్నాప్ ట్యాగ్ అయితే క్లిక్ చేసి, కడిగి, ఆ తర్వాత డోనర్ డై వేయొచ్చు. డోనర్ రాగిని చూడనే చూడదు. నా ఓటు దానికే.

ఫోటాన్_లెక్క:

కొలత గురించి కొంచెం. సగటు 15 శాతం వచ్చేలా ఉంటే బ్లీచింగ్ చాలు, అంతకన్నా తక్కువైతే ఫ్లిమ్‌కి (లైఫ్‌టైమ్ కొలిచే మైక్రోస్కోపీ) వెళ్లండి.

బ్లీచింగ్‌లో సామర్థ్యం అంటే 1 లోంచి బ్లీచ్‌కి ముందు, తర్వాత డోనర్ వెలుగుల నిష్పత్తి తీసివేయడం. అందుకునే డైలో 10 శాతం కన్నా తక్కువ మిగిలేదాకా బ్లీచ్ చేయాలి, సగంలో ఆపితే అంకె తక్కువ చూపిస్తుంది. సై3కి 561 లేజర్ వాడండి, అది జీఎఫ్‌పీని కదిలించదు. ఫిక్స్ చేసిన కణాలే కావాలి, లేకపోతే బ్లీచ్ చేసిన చోటికి పక్క నుంచి కొత్త రిసెప్టర్లు జారుకొస్తాయి. పారాఫార్మాల్డిహైడ్ కొవ్వులను కట్టిపడేయదు కాబట్టి గ్యాంగ్లియోసైడ్ల మీది డై ఫిక్స్ చేశాక కూడా కదులుతుంటుంది. బ్లీచ్ ముగియగానే చిత్రం తీసేయండి. డై అసలు వేయని కణాన్ని కూడా అదే లేజర్‌తో, అంతే సేపు బ్లీచ్ చేసి డోనర్ మార్పు ఎంతో చూసి దాన్ని తీసివేయాలి. మీ ప్లస్ మైనస్ 2 శాతం చాలావరకు ఫోకస్ జారడం అయ్యుంటుంది. బ్లీచ్‌కి ముందు అయిదు ఫ్రేములు తీసి సగటు కట్టండి, అదే తెలుస్తుంది. మీరు సై5తోనే ఉండదలిస్తే ఒక జాగ్రత్త: బ్లీచ్ చేసినప్పుడు అందులో కొంత భాగం సై3లా వెలిగే రూపంలోకి మారుతుంది. డోనర్ ఫిల్టర్‌ని 540 దగ్గర తెగేలా పెట్టండి.

ఫ్లిమ్‌కి ఉన్న గొప్ప సుగుణం, డోనర్ ఎంత ఉందన్నదాని మీద లైఫ్‌టైమ్ ఆధారపడదు. ఈజీఎఫ్‌పీది దాదాపు 2.5 నానోసెకన్లు. అది 2.25 అయితే 10 శాతం ఫ్రెట్. కానీ ఈ తేడా పట్టాలంటే ఫోటాన్లు కావాలి. ఆదర్శ పరిస్థితిలో కూడా లోపం ఫోటాన్ల సంఖ్య వర్గమూలానికి విలోమం: వెయ్యి ఫోటాన్లకు 3 శాతం, పదివేలకు 1 శాతం. పిక్సెల్ పిక్సెల్‌కీ రంగులు వేసిన చిత్రం అందంగా ఉంటుంది, అంకె మాత్రం పొర వెంట గీసిన ప్రాంతమంతా కలిపి ఒకే వక్రరేఖగా ఫిట్ చేసి తీసుకోండి. 40 మెగాహెర్ట్జ్ లేజర్‌కి సెకనుకి 4 లక్షల ఫోటాన్లు దాటనివ్వకండి. దాటితే మొదటొచ్చిన ఫోటాన్లే లెక్కకొచ్చి, లైఫ్‌టైమ్ లేనిపోని విధంగా కురచబడుతుంది. అది మళ్లీ ఫ్రెట్‌లాగే కనిపిస్తుంది.

మీ గ్లిసరాల్ మౌంటింగ్ మీడియం తీసేయండి. చుట్టూ ఉన్న ద్రవం వక్రీభవన గుణకం పెరిగితే జీఎఫ్‌పీ లైఫ్‌టైమ్ తగ్గుతుంది. ఒక స్లైడ్ గ్లిసరాల్‌లో, ఇంకోటి పీబీఎస్‌లో ఉంటే ఫ్రెట్ లేకుండానే తేడా వస్తుంది. అన్నీ పీబీఎస్‌లోనే చూడండి.

పొరమీద_చక్కెర:

ఇదే పద్ధతిని తర్వాత న్యూక్లియస్‌లో ఉండే ఒక ప్రోటీన్ మీది ఓ-గ్లక్‌నాక్ (సెరిన్, థ్రియోనిన్ల మీద తగిలే ఒంటరి చక్కెర) చూడటానికి వాడాలనుకుంటున్నాను. మ్యాన్‌నాజ్ బదులు గాల్‌నాజ్ (అజైడ్ ఉన్న మరో చక్కెర) వేస్తే సరిపోతుందా?

మాంగనీస్_వెల్:

సరిపోదు, దాదాపు ప్రతి అడుగూ మారుతుంది.

గాల్‌నాజ్ కణంలో యూడీపీ-గాల్‌నాజ్ అవుతుంది. గేల్ అనే ఎంజైమ్ అందులో కొంత యూడీపీ-గ్లక్‌నాజ్‌గా తిప్పుతుంది. దాంతో ఓ-గ్లక్‌నాక్ చోట్లలోకీ, మ్యూసిన్ రకం గొలుసుల్లోకీ రెండింట్లోకీ పోతుంది. పైగా కణం లోపల చూస్తున్నారు కాబట్టి పైన చెప్పిన సిస్టీన్ చిక్కు ఇక్కడ నేరుగా మీ సిగ్నల్ మీదే పడుతుంది. ఎసిటైల్ చక్కెరలతో న్యూక్లియస్‌లో వచ్చిన మెరుపుని ఓ-గ్లక్‌నాక్ అని పేరు పెట్టే ముందు చాలా రుజువు కావాలి.

కణానికి ఏ చక్కెరా తినిపించకుండా ఎంజైమ్‌తో తగిలించే దారి మేలు. ఫిక్స్ చేసి, 0.2 శాతం ట్రైటాన్‌తో పొర తెరిచి, పీఎన్‌జీఏజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో ఎన్-గ్లైకాన్లు తీసేయండి. చివర్లో గ్లక్‌నాక్ ఉన్న ఎన్-గ్లైకాన్లను కూడా తర్వాతి ఎంజైమ్ పట్టుకుంటుంది కాబట్టి ఈ మెట్టు దాటేయకూడదు. ఆపైన గాల్‌టీ1 ఎంజైమ్ వై289ఎల్ మ్యూటెంట్, యూడీపీ-గాల్‌నాజ్, మాంగనీస్ క్లోరైడ్ కలిపి, 4 డిగ్రీల్లో రాత్రంతా. మాంగనీస్ ఫాస్ఫేట్‌తో కలిస్తే అవక్షేపమైపోతుంది. కాబట్టి పీబీఎస్ కాదు, హెపీస్ బఫర్. అంతకుముందు కడిగినప్పటి పీబీఎస్ జాడ కూడా మిగలకూడదు. ఈడీటీఏ సంగతి చెప్పక్కర్లేదు. ఎంజైమ్ లేని వెల్, యూడీపీ-గాల్‌నాజ్ లేని వెల్, రెండూ పక్కన ఉండాలి.

తర్వాత క్లిక్. లోపలి థయాల్స్ మధ్య డీబీసీఓ వద్దే వద్దు, రాగి క్లిక్ చేయండి. ఫిక్స్ చేసి తెరిచిన కణంలో జీఎఫ్‌పీకి ఏ రక్షణా లేదు, మసకబారుతుంది. అందుకని జీఎఫ్‌పీ సొంత వెలుగు మీద ఆధారపడకుండా, క్లిక్ అయ్యి రాగి కడిగేశాక జీఎఫ్‌పీని పట్టుకునే నానోబాడీకి (చిన్న యాంటీబాడీ ముక్కకి) డోనర్ డై తగిలించినది వేయండి. నానోబాడీ 15 కిలోడాల్టన్లు, పొడవు 4 నానోమీటర్లు. మామూలు యాంటీబాడీలు ఒకదానిమీద ఒకటి వేస్తే దూరం 20 నానోమీటర్ల వరకూ పోతుంది, ఫ్రెట్ పని అయిపోయినట్టే. డోనర్‌గా జీఎఫ్‌పీకన్నా ఎర్రటి డై ఉన్న నానోబాడీ తీసుకుంటే మిగిలిన జీఎఫ్‌పీ వెలుగు అడ్డం రాదు. అప్పుడు అందుకునే డై ఇంకా ఎరుపు వైపు ఉండాలి, 565 దగ్గర వెలిగే డోనర్‌కి సై5 బాగా కుదురుతుంది.

కంట్రోల్ రెండు వైపులా కదలాలి. ఓజీఏని (ఓ-గ్లక్‌నాక్‌ని తీసేసే ఎంజైమ్) ఆపే థయామెట్-జి 1 మైక్రోమోలార్ రాత్రంతా ఉంచితే సిగ్నల్ పెరగాలి, ఓజీటీని (దాన్ని తగిలించే ఎంజైమ్) ఆపే మందుతో తగ్గాలి. ఒకవైపే కదిలితే మీరు చూస్తున్నది ఓ-గ్లక్‌నాక్ కాకపోవచ్చు. ఆ ప్రోటీన్‌లో చక్కెర తగిలే సెరిన్ ఏదో తెలిస్తే దాన్ని అలనిన్‌గా మార్చినది, ఆరోఘాతం గారు చెప్పిన రెండో గీత పాత్ర పోషిస్తుంది. ఓ-గ్లక్‌నాక్‌ని పట్టుకునే ఆర్ఎల్2 యాంటీబాడీతో ఒక స్లైడ్ పక్కన పెట్టుకోండి. న్యూక్లియస్ అంచు వెంట వలయంలా మెరవాలి, అక్కడి రంధ్రాల ప్రోటీన్ల నిండా ఓ-గ్లక్‌నాక్ ఉంటుంది. మీ ఎంజైమ్ పద్ధతిలో ఆ వలయం కనిపించకపోతే ఎంజైమ్ మెట్టే విఫలమైంది, ముందుకెళ్లకండి.

థయాల్_కాపలా:

మైక్రోస్కోప్ దగ్గర కూర్చోకముందు రిసెప్టర్‌కి ఒక జెల్ నడపండి. మ్యాన్‌నాజ్ తిన్న కణాలను లైసిస్ చేసి, జీఎఫ్‌పీ నానోబాడీ పూసల మీద రిసెప్టర్‌ని పట్టి, పూసల మీదే అయొడోఎసిటమైడ్ 15 మిల్లీమోలార్‌తో చీకట్లో అరగంట ఉంచి థయాల్స్ మూసేయండి. కడిగి, డీబీసీఓ డై వేసి, మళ్లీ బాగా కడిగి, ఎస్‌డీఎస్ జెల్ నడిపి, మరక వేయకుండా నేరుగా ఫ్లోరోసెన్స్ స్కాన్ చేయండి. రిసెప్టర్ బరువు దగ్గర పట్టీ వెలగాలి. పీఎన్‌జీఏజ్ ఎఫ్ వేసిన వరుసలో ఆ వెలుగు పోయి, యాంటీబాడీ బ్లాట్‌లో పట్టీ కిందికి జారాలి. వెలుగు పోకుండా పట్టీ మాత్రం జారిందంటే అజైడ్ ఉన్నది ఎన్-గ్లైకాన్ల మీద కాదు, ఓ-గ్లైకాన్ల మీదో సిస్టీన్ల మీదో అన్నమాట. అప్పుడు ఆస్పరాజిన్ మ్యూటెంట్లు కట్టి లాభం లేదు. ఆ మిగిలిన వెలుగు సియాలిడేజ్‌తో పోతుందా లేదా అన్నది ముందు చూడాలి.